నోయిడా నుంచి విజయనగరం కారులో: సాలూరోడి మాట వినాలా, ఆఫీసు వాళ్ళ మాట వినాలా?

గంటస్తంభం · సెప్టెంబరు 20, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్ళ నోయిడా కాపురానికి సెలవు. ఇంటి నుంచే పని చేసుకోమని కంపెనీ ఒప్పుకుంది, అక్కడ అమ్మ ఒక్కతే ఉండలేకపోతోంది, అందుకని విజయనగరం వచ్చేస్తున్నాం. మా ఆవిడా పాపా ముందు విమానంలో వెళ్ళిపోతారు. సామాను ప్యాకర్ల లారీలో వస్తుంది. చిక్కంతా కారుతోనే. 2017 డీజిల్ బండి, యూపీ 16 నంబరు. ఈ చుట్టుపక్కల డీజిల్ బండికి పదేళ్ళు దగ్గర పడుతున్నాయంటే కొనేవాడు సగం ధర కూడా చెప్పడు. బండి చూస్తే ఇంకా గుర్రంలా ఉంది. క్యారియర్ మీద పంపిద్దామంటే 22 వేలు అడిగారు, ఎప్పుడు చేరుతుందో మాత్రం చెప్పరు.

ఈలోగా సాలూరు నుంచి నా స్నేహితుడు ఫోన్ చేశాడు. డిగ్రీలో నా పక్క బెంచీ. "క్యారియరెందుకురా, నేను విశాఖలో ఫ్లైటెక్కి వస్తాను, ఇద్దరం తోలుకొచ్చేద్దాం" అన్నాడు. వాళ్ళది లారీల కుటుంబం. సాలూరు తెలిసినవాళ్ళకి ఇక వేరే చెప్పక్కర్లేదు. వాడేమో నాగపూర్, రాయపూర్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు దిగాలంటాడు. ఇంకో రోడ్డు మాటెత్తితే వినడు. ఆఫీసులో అందరూ ఘాట్లు వద్దు, నాగపూర్ నుంచి హైదరాబాద్, విజయవాడ మీదుగా పొమ్మంటున్నారు. వాడి రోడ్డు దాదాపు 1,950 కిలోమీటర్లు, వీళ్ళది 2,200 దాటుతుంది.

దసరా మర్నాడు, అక్టోబరు 3 శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి, సోమవారం తొలేళ్ళకి ఇంట్లో ఉండాలి. మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ, తొలేళ్ళు దాని ముందు రోజు. అమ్మ పెట్టిన షరతు అదొక్కటే. మీరేమంటారు?

నిర్మల్ బొమ్మ · సెప్టెంబరు 20, రాత్రి 10:20

అన్నా, ఆలోచన లేకుండా 44వ నంబరు రోడ్డు పట్టుకొని మా దిక్కు రా. నాగపూర్ దాటి పెన్‌గంగ బ్రిడ్జి ఎక్కితే తెలంగాణ వచ్చేసినట్టే. ఆదిలాబాద్, నిర్మల్, సోన్ దగ్గర గోదావరి, కామారెడ్డి, ఇక హైదరాబాద్. నాలుగు లైన్ల రోడ్డు, కళ్ళు మూసుకొని తోలొచ్చు (మూయకు). 300 కిలోమీటర్లు ఎక్కువైతే అయింది, నిమ్మళంగా పోతావ్. ఘాట్ల పొంటి సామానుతో ఎందుకు చెప్పు?

రాయపూర్ రైలుపెట్టె · సెప్టెంబరు 20, రాత్రి 11:05

పన్నెండేళ్ళుగా రాయపూర్‌లో ఉంటున్నాను, ఏడాదికి రెండుసార్లు పార్వతీపురం వెళ్తుంటాను, ఈ రోడ్డు మీద నా మాట నమ్మొచ్చు. నాగపూర్ నుంచి రాయపూర్ ఎన్‌హెచ్ 53. భండారా, సాకోలి, దేవ్‌రీ, రాజనందగావ్, దుర్గ్. మంచి రోడ్డు, 290 కిలోమీటర్లు, లారీలు మాత్రం దండిగా ఉంటాయి. రాయపూర్ నుంచి ఎన్‌హెచ్ 30. ధమ్‌తరి, కాంకేర్ వరకు పేచీ లేదు. ఆ తర్వాత కేశ్‌కాల్ ఘాట్. పన్నెండు మలుపులు, అందుకే అక్కడివాళ్ళు బారా భాంవర్ అంటారు. ఎక్కడం కష్టమేం కాదు, కష్టమల్లా అక్కడ ఒక్క లారీ చెడిపోతేనే. ముందు వెనక కదలదు. దానికి మాత్రం టైము లెక్కలో వేసుకోండి.

రాత్రిపూట ఆ అడవి రోడ్డు మీద కార్లో వెళ్ళొద్దు. భయం గురించి కాదు, బస్సులు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. లైట్లు వేయకుండా రోడ్డు పక్కన ఆపిన లారీలు, రోడ్డు మీద పడుకునే ఆవులు, ఈ రెండిటి గురించి.

పుణె టు గుంటూరు · సెప్టెంబరు 21, ఉదయం 7:15

మీ స్నేహితుడు ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్ళాడో అడిగారా? అడగండి. పోయినేడు నేనూ నా ఫ్రెండూ పుణె నుంచి గుంటూరుకి ఇలాగే ఇల్లు మారాం. ఇద్దరు ఆడవాళ్ళం, ఒక హ్యాచ్‌బ్యాక్, వెనక సీటు నిండా తలగడలు. తనకి రోడ్డంతా తెలుసన్నది. షోలాపూర్ దాటేసరికి తెలిసిందేంటంటే ఆవిడ ఆ దారిలో వెళ్ళింది రెండుసార్లు, రెండుసార్లూ స్లీపర్ బస్సులో, నిద్రలో.

ఇక పనికొచ్చే ముక్క ఒకటి. ఎంత దూరం వెళ్ళాలనేది కాదు, సాయంత్రం ఆరుకి ఎక్కడ ఆగుతారనేది ముందు రాసుకోండి. గది దొరికాక తిండి, తిండయ్యాక కబుర్లు. ఇది తిరగబడితే ఇద్దరికీ మాటల్లేకుండా పోతాయి.

గంటస్తంభం · సెప్టెంబరు 21, ఉదయం 8:40

@పుణె టు గుంటూరు అడగలేదండీ. వాళ్ళ నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు ఆ రోడ్డు మీదే లారీ తోలారు, వీడికి తెలియకపోవడమేంటని. కేశ్‌కాల్ గురించి, సుంకి ఘాట్ గురించి ఫోన్లో చెప్తుంటే కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

నాగపూర్ పక్కింటోడు · సెప్టెంబరు 21, మధ్యాహ్నం 1:30

దసరా మర్నాడు బయల్దేరుతున్నారు కాబట్టి బతికిపోయారు. దసరా రోజు నాగపూర్‌లో గది కోసం చూడొద్దు. 1956లో అంబేద్కర్ బౌద్ధం తీసుకున్న చోటు, దీక్షాభూమి, ఇక్కడే. ధమ్మచక్ర ప్రవర్తన దినానికి దేశం నలుమూలల నుంచీ లక్షల్లో వస్తారు. శనివారం రాత్రికి కూడా తిరుగు ప్రయాణాల రద్దీ కొంత ఉంటుంది. ఊళ్ళోకి రాకుండా బయటి రింగు రోడ్డు మీద ఏదైనా లాడ్జి చూసుకోండి.

అలాగే జగదల్‌పూర్‌లో కూడా. బస్తర్ దసరా మన దసరా లాంటిది కాదు. దంతేశ్వరి అమ్మవారి పండగ, 75 రోజులు చేస్తారు, రావణాసురుడి ఊసే ఉండదు. పెద్ద చెక్క రథం లాగుతారు. విజయదశమి తర్వాత కూడా తంతు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆదివారం రాత్రి జగదల్‌పూర్‌లో గది అంటే ఇప్పుడే బుక్ చేయాలి.

ఫారం 28 · సెప్టెంబరు 21, రాత్రి 8:10

రోడ్డు సంగతి అందరూ చెప్తున్నారు, కాగితాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఇంకో రాష్ట్రానికి బండి తెచ్చి 12 నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను. దానికి పాత రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, ఫారం 28. ఇక్కడికొచ్చాక కొత్త నంబరుకి ఫారం 27. నోయిడా వదలకముందే ఎన్‌ఓసీకి దరఖాస్తు చేయండి. కట్టని చలానా ఒక్కటున్నా ఆగిపోతుంది. బండి మీద లోను ఉంటే బ్యాంకు లెటరు కూడా కావాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి పెట్టుకోండి. విజయనగరంలో లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి మళ్ళీ కట్టాలి, యూపీలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. వాపసు వస్తుందా అంటే, ఓపిక ఉన్నవాడికి వస్తుంది.

ఇంకోటి. స్నేహితుడు తోలితే ఇన్సూరెన్సు చెల్లదని కొందరు భయపెడతారు. లైసెన్సు ఉంటే బండికి చెల్లుతుంది. కాకపోతే పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా యజమానికే. పక్కనున్న వాడికి రాదు. ప్రయాణికులకు విడిగా కొద్దిపాటి ప్రీమియం కట్టి తీసుకోండి. వాడు మీ కోసం విమానమెక్కి వస్తున్నాడు, ఆ మాత్రం చేయండి.

మెకానిక్ మేనల్లుడు · సెప్టెంబరు 21, రాత్రి 9:00

స్టెప్నీలో గాలి చూసుకో బ్రో. సగం మంది స్టెప్నీని తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చూడరు. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకు. ఎక్కే బండికి దారివ్వు.

మామిడి టెంక · సెప్టెంబరు 22, ఉదయం 10:45

కారులో ఏమేం పెడుతున్నారో చెప్పలేదు బాబూ. గ్యాస్ సిలిండరు పొరపాటున కూడా పెట్టకండి, ఏజెన్సీలో అప్పగించి వోచరు తీసుకోండి, దాంతో అక్కడ కనెక్షను వస్తుంది. సర్టిఫికెట్లు, బంగారం లారీలో వేయకండి. దేవుడి పటాలు మీతోనే రావాలి. పాత చీపురు తేకండి. ఇక ఊరగాయ జాడీ ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి, ఎండకి నూనె పైకొచ్చి కారుతుంది.

గంటస్తంభం · సెప్టెంబరు 22, రాత్రి 9:15

@మామిడి టెంక అమ్మా, జాడీ ఉంది. అమ్మ మే నెలలో పంపిన ఐదు కిలోల మాగాయ, ఇంకా సగం ఉంది. విజయనగరం నుంచి నోయిడా వచ్చింది, నోయిడా నుంచి విజయనగరం పోతుంది. పారేస్తే అమ్మకి తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడక్కండి. మూతకి ప్లాస్టిక్ కవరు కట్టి, టేపు చుట్టి, డిక్కీలో నిలబెడతాను. ఏం కాదు.

డాలస్ బావ · సెప్టెంబరు 23, ఉదయం 6:05

మీ కష్టాలు చూస్తుంటే నా కష్టం గుర్తొచ్చింది. న్యూజెర్సీ నుంచి డాలస్‌కి 26 అడుగుల అద్దె ట్రక్కులో వచ్చాం, నేనూ మా రూమ్మేటూ. అంత పెద్ద బండిని ఇక్కడ మామూలు కారు లైసెన్సుతో ఇచ్చేస్తారు, అదే వింత. వెనక డాలీ (కారు కట్టి లాగే చిన్న బండి) మీద నా కారు కట్టాం. ఆ డాలీ ఉంటే రివర్సు చేయకూడదని తాళాలిచ్చేటప్పుడు చెప్పారు, మేం వినలేదు. వర్జీనియాలో 81వ నంబరు హైవే పక్కన ఒక చిన్న పెట్రోలు బంకులోకి దూరి, బయటికి రావడానికి కారు దింపి, డాలీ విప్పి, ట్రక్కు తిప్పి, మళ్ళీ కట్టి... రెండు గంటలు. మా వాడు ఆ రెండు గంటలూ నాతో మాట్లాడలేదు. టెనెసీ వచ్చాక టీ అడిగాడు. ఆ రాష్ట్రం చాలా పొడుగు, అయినా ఆ తర్వాత

నిర్వాహకుడు · సెప్టెంబరు 23, ఉదయం 9:30

@డాలస్ బావ మీ టెనెసీ కథకి వేరే చర్చ మొదలుపెట్టండి. చదువుతాం, ఒట్టు.

నిర్మల్ బొమ్మ · సెప్టెంబరు 23, ఉదయం 10:00

ఫాస్టాగ్ ఏడాది పాసు తీసుకున్నవా అన్నా? 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నరు, ఈ ఏడు 3,000 కడితే 200 ట్రిప్పులు.

ఫారం 28 · సెప్టెంబరు 23, ఉదయం 10:40

ఒక్క ప్రయాణానికి కిట్టదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే రాష్ట్రానిది, అక్కడ ఆ పాసు పనిచేయదు. పైగా పాసు బండి నంబరుకే కట్టేసి ఉంటుంది, ఇతను నంబరే మార్చబోతున్నాడు. కొత్త నంబరు వచ్చాక చూసుకోమనండి.

గంటస్తంభం · అక్టోబరు 2, రాత్రి 10:30

రేపు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరుతున్నాం. నిర్ణయం: సాలూరు రోడ్డే. వాడు నిన్న దిగాడు, భుజానికి ఒక సంచి, చేతిలో పాత రెగ్జిన్ బ్యాగు. అందులో ఏముందంటే చెప్పడు.

ఈ రోజు లారీ లోడయ్యింది. అంతా ఎక్కించి తాడు బిగించాక ప్యాకర్ల మనిషి ఇంకో 6 వేలు అడిగాడు. రాష్ట్రాలు దాటాలంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కాగితం) తీయాలట, దాని ఖర్చట. సామాను వాడి లారీలో, నేను రోడ్డు మీద. ఏం చేయను?

ఫారం 28 · అక్టోబరు 2, రాత్రి 10:41

ఒక్క రూపాయి ఇవ్వకండి. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు, జీఎస్టీ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. సామాను జాబితా మీద "వాడిన గృహోపకరణాలు, అమ్మకానికి కాదు" అని రాసి, సంతకం చేసి, ఆధార్ కాపీ జతచేసి డ్రైవరుకివ్వండి.

గంటస్తంభం · అక్టోబరు 2, రాత్రి 11:20

మీ పోస్టు చదివి వినిపించాను. వాడు తగ్గలేదు. అప్పుడు మా సాలూరోడు లేచి వెళ్ళి లారీ డ్రైవరు పక్కన కూర్చుని బీడీ అందించాడు. పావుగంట ఏవో లారీ కబుర్లు. ఆ తర్వాత ఆ డ్రైవరే "బిల్లూ లేదు, ఏమీ లేదు, ఇంత దూరం ఎప్పుడూ ఇలాగే పోతాం" అని ప్యాకర్ల వాడి ముందే అనేశాడు. వ్యవహారం 500 టీ ఖర్చుతో తెగింది.

గంటస్తంభం · అక్టోబరు 3, రాత్రి 8:50

ఝాన్సీలో ఆగాం. యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కిలోమీటర్లు చాలా త్వరగా అయిపోయింది, ఆగ్రా దాటడానికి మాత్రం అంతే సేపు పట్టింది. ధోల్‌పూర్ దాటాక చంబల్ వంతెన. రెండు పక్కలా మట్టి లోయలు, ఎవరో పెద్ద గోళ్ళతో గీరినట్టు. గ్వాలియర్ కోట దూరం నుంచే చూసి దండం పెట్టాం. రోజంతా నేనే తోలాను. మా వాడు పక్కన కూర్చుని పల్లీలు తిన్నాడు, పడుకున్నాడు. అడిగితే "ఇది నా రోడ్డు కాదురా" అంటాడు.

గంటస్తంభం · అక్టోబరు 4, రాత్రి 9:40

నాగపూర్ బయట లాడ్జి. దాదాపు 600 కిలోమీటర్లు, నడుం విరిగింది. సాగర్ దగ్గర వాన. నరసింగపూర్ దగ్గర నర్మద దాటాం, వాడు లేచి ఐదు రూపాయల బిళ్ళ విసిరి మళ్ళీ పడుకున్నాడు. సివనీ దాటాక పెంచ్ అడవి వచ్చింది. అక్కడ పులులూ జింకలూ కింద నుంచి దాటడానికి రోడ్డుని ఎత్తి కట్టారు, కొన్ని దారులు ఏడెనిమిది వందల మీటర్ల వెడల్పు ఉంటాయట. పైనుంచి వెళ్ళే మనకి ఏమీ కనపడదు. అదీ మంచిదే.

నిజం చెప్పాలంటే కాస్త విసుగ్గా ఉంది. ఇద్దరం తోలుతామని వచ్చినవాడు రెండు రోజుల్లో గంట కూడా తోలలేదు.

పుణె టు గుంటూరు · అక్టోబరు 4, రాత్రి 10:05

మొన్న నేనడగమన్న ప్రశ్న ఇంకా అడగలేదు కదా మీరు.

రాయపూర్ రైలుపెట్టె · అక్టోబరు 5, ఉదయం 6:30

ఈ రోజు ఆదివారం, కేశ్‌కాల్ మధ్యాహ్నం మూడింటి లోపు దాటేయండి. జగదల్‌పూర్ చేరితే మర్నాడు పొద్దున్నే చిత్రకోట్ జలపాతం చూసి వెళ్ళండి, ఊరికి 40 కిలోమీటర్ల లోపే. ఇంద్రావతి అక్టోబరులో నిండుగా ఉంటుంది. మళ్ళీ ఎప్పుడొస్తారు?

గంటస్తంభం · అక్టోబరు 5, రాత్రి 11:35

జగదల్‌పూర్ చేరలేదు. కొండగావ్‌లో ఉన్నాం. చెప్పాల్సింది చాలా ఉంది, నిద్ర రావడం లేదు.

పొద్దున రాయపూర్ పొలిమేర రాగానే మా వాడు "ఆపు" అన్నాడు. దిగి, రెగ్జిన్ బ్యాగు తెరిచి, అట్ట చిరిగిన పొడుగు పుస్తకం తీశాడు. వాళ్ళ నాన్నగారి ట్రిప్పు లెక్కల పుస్తకం. డీజిలు, డ్రైవరు బత్తా, క్లీనరు బత్తా, కాటా, పట్టా, తాడు, చెక్‌పోస్టు మామూలు. నౌపడా నుంచి ఉప్పు వేసుకొని వచ్చేవారట, తిరుగు లోడుకి జగదల్‌పూర్ నుంచి చింతపండు. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో చిన్న చిన్న ముక్కలు. "ధమ్‌తరి దాటాక చింతచెట్టు కింద నీళ్ళు మంచివి." "కాంకేర్ మేస్త్రీ బేరింగులు బాగా చేస్తాడు, వేరేవాడికివ్వకు." "కేశ్‌కాల్ ఆరో మలుపు, లోపలికి తీసుకో."

అప్పుడు అడిగాను, పుణె ఆవిడ అడగమన్న మాట. నువ్వెన్నిసార్లు వచ్చావురా ఈ రోడ్డు మీద?

ఒక్కసారీ రాలేదట.

చిన్నప్పుడు ఎంత ఏడ్చినా వాళ్ళ నాన్న క్యాబిన్ ఎక్కించలేదు. "ఒకసారి ఎక్కితే దిగవు, చదువుకో" అనేవారట. వీడు చదువుకున్నాడు, బ్యాంకులో చేరాడు, ఆయన ఒక్కో లారీ అమ్ముకుంటూ వచ్చారు, పోయినేడు ఫిబ్రవరిలో పోయారు. రోడ్డంతా వీడికి ఆ మాటల్లోనే తెలుసు. నాకు ఫోన్లో కళ్ళకు కట్టినట్టు చెప్పినదంతా రాత్రిళ్ళు వాళ్ళ నాన్న అన్నం తింటూ చెప్పినదే. నా క్యారియరు సంగతి వినగానే వాడికి సాకు దొరికింది.

రాయపూర్ నుంచి వాడే తోలాడు. నేను పుస్తకం పట్టుకొని చదివాను. ధమ్‌తరి చింతచెట్టు లేదు, ఆ చోటే బైపాసులో ఎటో పోయింది. కాంకేర్‌లో మేస్త్రీ పేరు ముగ్గురినడిగాం, ఎవరికీ తెలియదు. వాడి మొహం చూసి ఇక నేను చదవడం ఆపేస్తే, "చదువు చదువు" అన్నాడు.

కేశ్‌కాల్ కింద రెండున్నర గంటలు నిలబడిపోయాం. రైలుపెట్టె గారు చెప్పినట్టే, పైన లారీ ఇరుసు విరిగింది. ఎక్కేసరికి చీకటి పడింది. ఆరో మలుపు దగ్గర వాడు బండిని లోపలికి తీసుకున్నాడు. ఎందుకో తీసుకున్నాకగానీ తెలియలేదు. ఎదురుగా దిగుతున్న ట్రెయిలరు తోక మొత్తం మన వైపు తిరిగి వచ్చింది. అరడుగు సందు.

వాడేం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పైకొచ్చాక ఆపి డిక్కీ తెరిచాం, నీళ్ళ సీసా కోసం.

మాగాయ.

మామిడి టెంక · అక్టోబరు 6, ఉదయం 5:50

చెప్పాను.

గంటస్తంభం · అక్టోబరు 6, ఉదయం 6:20

చెప్పారమ్మా. పన్నెండు మలుపుల్లో ఏ మలుపుకో జాడీ పక్కకి పడింది. నూనె డిక్కీ పట్టా కిందికి, నా బట్టల సంచిలోకి, పాప బొమ్మల పుస్తకాల్లోకి. వాసన మాత్రం అద్భుతం. దాబాలో గోధుమపిండి రెండు కిలోలు కొని నూనె మీద చల్లి, పీల్చాక చిప్పతో గీకేశాం. ఇది వాడి ఐడియా, లారీలో ఆయిలు కారితే ఇసక పోస్తారట, అక్కడ ఇసక లేదు. దాబా ఆయన పిండి ఎందుకో తెలిశాక డబ్బులు తీసుకోకుండా జాడీలో మిగిలిన ముక్కలు కొన్ని అడిగాడు. ఇచ్చాం. దేవుడి పటాలు నా ఒళ్ళో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

బయల్దేరుతున్నాం. చిత్రకోట్ వెళ్ళడం లేదు, రైలుపెట్టె గారు క్షమించాలి.

రాయపూర్ రైలుపెట్టె · అక్టోబరు 6, ఉదయం 7:00

ఫరవాలేదు. జైపూర్ దాటాక మళ్ళీ ఎక్కుడే, కోరాపుట్ ఘాట్. సునాబెడ, సెమిలిగుడ వరకు చల్లగా ఉంటుంది. సెమిలిగుడలో టీ తాగండి, తెలుగులో అడగొచ్చు. అక్కణ్ణుంచి కొండల్లో దేవమాలి కనిపిస్తుంది, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు శిఖరం, 1,672 మీటర్లు. పొట్టంగి దాటాక సుంకి. అక్కడ దిగుడే దిగుడు. వాన పడుతుంటే తొందరపడొద్దు.

మెకానిక్ మేనల్లుడు · అక్టోబరు 6, ఉదయం 7:12

రెండో గేరు బ్రో. రెండో గేరు.

గంటస్తంభం · అక్టోబరు 6, రాత్రి 10:10

చేరాం. సాయంత్రం ఐదున్నరకి.

జగదల్‌పూర్‌లో జనం ఇంకా ఉన్నారు, రథం దూరం నుంచి చూశాం, సంతలో ఒక కిలో చింతపండు కొన్నాడు. ఒక్క కిలో. సుంకి ఘాట్ దిగుతున్నప్పుడు మబ్బు కింద ఉంది, మేం పైన ఉన్నాం. రెండో గేరే. పుస్తకంలో సుంకి గురించి ఏమీ రాసిలేదు. ఇల్లు వచ్చేసింది కాబట్టి రాయాల్సిన పని ఉండేది కాదేమో అన్నాడు వాడు.

సాలూరులో వాళ్ళ ఇంటి ముందు ఆపాం. వాళ్ళమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. వాడు స్టీరింగు దగ్గర నుంచి దిగడం చూసి, కాసేపు అలాగే నిలబడి, "కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను" అన్నారు. చింతపండు పొట్లం ఆవిడ చేతికిచ్చాడు. నేను కారు తుడిచే వంకతో బయటే ఉండిపోయాను.

ఆ తర్వాత రామభద్రపురం, గజపతినగరం మీదుగా నేనొక్కణ్ణే వద్దామనుకుంటే వాడు మళ్ళీ ఎక్కాడు. "తొలేళ్ళు కదరా, ఈ రాత్రి మీ ఇంట్లోనే" అని. ఇప్పుడు నా పక్కనే గురకపెడుతున్నాడు. అమ్మ మాగాయ జాడీ మూత తీసి చూసి, ఏమీ అనలేదు. రేపు సిరిమాను.

నిర్మల్ బొమ్మ · అక్టోబరు 7, ఉదయం 8:00

మా రోడ్డు మీద వచ్చి ఉంటే మాగాయ మిగిలేది. అయినా మంచిగ చేరినవ్ అన్నా. అమ్మవారికి మా తరఫున కూడా దండం పెట్టు.

గంటస్తంభం · నవంబరు 16, సాయంత్రం 6:30

కొందరు మెసేజ్‌లో ఖర్చు అడుగుతున్నారు, ఇక్కడే పెడుతున్నాను. మా వాడు నాన్నగారి పుస్తకంలో చివర మిగిలిన తెల్ల పేజీలో రాశాడు, దాంట్లోంచే ఎక్కిస్తున్నా. డీజిలు 9,640. టోలు 3,115. గదులు మూడు రాత్రులు 4,900. తిండి 2,380. టీ 460. మొత్తం 20,495. క్యారియరు 22 వేలు అడిగాడు కాబట్టి 1,505 మిగిలింది, వాడి విమానం టికెట్టు లెక్కలో వేయకపోతే. లారీ సామాను తొమ్మిదో రోజున వచ్చింది, బీరువా కాలు ఒకటి లేదు.

ఎన్‌ఓసీ ఇంకా రాలేదు. 2022లో ఎక్కడో 500 చలానా పడిందట, అది కట్టాక మళ్ళీ మొదటి నుంచి. ఫారం 28 గారి జోస్యం ఫలించింది. పాత నంబరుతోనే తిరుగుతున్నాను. డిక్కీ తీస్తే ఇప్పటికీ మెంతిపిండి వాసన.

సాలూరు 1 · నవంబరు 16, రాత్రి 9:05 · కొత్త సభ్యుడు, మొదటి పోస్టు

నమస్కారం. పైన రాసిన సాలూరోణ్ణి నేనే. ఇదంతా ఇవాళే చదివాను. కొన్ని సవరణలు. కేశ్‌కాల్‌లో ఆగింది రెండున్నర గంటలు కాదు, గంటా ముప్పావు. పుస్తకంలో టైము వేశాను. ఝాన్సీ ముందు నేను పడుకోలేదు, కళ్ళు మూసుకున్నానంతే. నేను తోలింది 690 కిలోమీటర్లు, వీడు 1,270, కాబట్టి "గంట కూడా తోలలేదు" అన్నమాట ఎవరూ పట్టించుకోవద్దు. టీ 460 నేను పెట్టాను, వీడింకా ఇవ్వలేదు.

@రాయపూర్ రైలుపెట్టె గారూ, మీరు ఆ దారిలో తిరుగుతుంటారు కదా. కాంకేర్‌లో పాత బస్టాండు వైపు, 1990ల్లో బేరింగులు చేసే మేస్త్రీ ఒకాయన ఉండేవారట. ఎవరైనా పెద్దవాళ్ళకి తెలిసుంటే కాస్త కనుక్కుంటారా?